ఇంటి షెడ్డులో ఇనుము కోత: ఏ టార్చి, ఏ ఇంధనము?

ధర్మపురి ప్రాంతమునకు ఇనుప పని క్రొత్తది కాదు. గోదావరికి ఇరుప్రక్కల నున్న ఉత్తర తెలంగాణమున, పూర్వము ఇనుప రాతిని కరగించి ఉక్కు తీసిన ఊళ్ళు పెక్కు కలవు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున తయారైన ఉక్కును పారశీక వర్తకులు స్వయముగా వచ్చి కొనుచుండిరని వాయిసీ అను శాస్త్రజ్ఞుడు వ్రాసెను. ఆ వ్యాసము 1832లో కలకత్తాలో అచ్చయ్యెను. ఆ కొలుములు చల్లారి చాలకాలమైనది. కాని ఇనుము పల్లెను విడువలేదు. నాగలి కర్రుకు, కొడవలికి మారుగా నేడు ట్రాక్టరు ట్రాలీలు, దమ్ము చక్రములు, రోటవేటర్లు, వరికోత యంత్రములు మరమ్మతునకు వచ్చుచున్నవి. కమ్మరి తిత్తి యుండిన చోట వెల్డింగు యంత్రము, గ్యాసు సిలిండరు చేరినవి.

2016 వరకు కరీంనగరము జిల్లాలో నుండి, ఇప్పుడు జగిత్యాల జిల్లాలో చేరిన ఈ ధర్మపురి ప్రాంతమునుండి గల్ఫు దేశములకు పోయినవారు చాలమంది కలరు. వారిలో కొందరు అచ్చట వెల్డింగు, ఫిట్టింగు పనులు నేర్చి స్వగ్రామములకు తిరిగివచ్చి, ఇంటి ప్రక్కనే రేకుల షెడ్డు వేసికొని జీవనము చేయగోరుచున్నారు. ఇది గ్రామమునకు మేలు. ట్రాలీ ఇరుసు విరిగినప్పుడు రైతు పట్టణమునకు పరుగెత్త నక్కరలేదు. అయితే ఆ షెడ్డులో నుంచబోవు టార్చి ఏది, దాని ఇంధనమేది అను ప్రశ్న యజమాని కొక్కనికే సంబంధించినది కాదు. గోడ కావల నిదురించు పసివారికి, వాకిట నున్న గడ్డివామునకు, వీధికంతటికిని అది సంబంధించినదే. కావున పంచాయతి సభ్యులు ఈ విషయమును కొంత తెలిసికొనియుండుట అవసరము.

కోయునది మంట కాదు

గ్యాసు టార్చి మంటతో ఇనుమును కరగించి కోయునని పలువురు తలంతురు. ఇది పొరపాటు. ఈ పొరపాటు వలననే, ఎంత వేడి మంట యైన అంత మంచిదను భ్రమ కలుగుచున్నది.

నిజమునకు ఇనుమును కోయునది ఆక్సిజను. ఉక్కు రేకు అంచును ఎఱ్ఱగా కాల్చి, సుమారు 900 సెంటిగ్రేడు డిగ్రీల వేడికి తెచ్చి, దానిపై స్వచ్ఛమైన ఆక్సిజను ధారను విడిచినచో ఇనుమే కట్టెవలె మండనారంభించును. ఇనుము మండగా ఏర్పడు చిట్టెము, ఇనుము కంటె తక్కువ వేడికే కరగును. ఆక్సిజను ధార దానిని క్రిందికి నెట్టివేయును. అప్పుడు రేకులో సన్నని చాలు ఏర్పడును. దీనినే మనము కోత యనుచున్నాము. ఇంధనము మండి చేయు పని రెండే: మొదట ఇనుమును కాల్చుట, పిమ్మట ఆ వేడి తగ్గకుండ కాపాడుట.

ఈ సూత్రము తెలిసినచో మరియొక సంగతి కూడ తేలును. అన్ని లోహములు ఈ విధముగా కోయబడవు. పోత ఇనుము మండుటకు ముందే కరగి ముద్దయగును. పాత ఆయిలు ఇంజను దిమ్మ, మోటారు పంపు దేహము సాధారణముగా పోత ఇనుపవే. స్టెయిన్‌లెస్ స్టీలు పైన, అల్యూమినియము పైన ఏర్పడు పొర సులభముగా కరగక ఆక్సిజనును అడ్డగించును. రాగి, ఇత్తడి సరేసరి. ఇట్టివానిని ఎసిటిలీనుతో నైనను, మరి ఏ వాయువుతో నైనను ఈ టార్చితో చక్కగా కోయుట కాదు. కావున ఏ ఇంధనము కొనవలెనని అడుగుటకు ముందు, షెడ్డుకు వచ్చు పనిలో మెత్తని ఉక్కు ఎంత, దాని మందమెంత అని లెక్క చూచుకొనవలెను.

గేట్లు, కిటికీ చట్రములు, సన్నని రేకులు, గొట్టములు మాత్రమే పనియైనచో గ్యాసు కోత అక్కరయే లేదు. కరెంటుతో తిరుగు కోత చక్రము, చేతి రంపము చాలును. ఆ చక్రమునకు కాపు, కంటికి అద్దములు ఉండవలెను. ట్రాలీ ఇరుసులు, మందపు పలకలు, బిగిసిపోయిన పెద్ద బోల్టులు తరచుగా వచ్చు చోట గ్యాసు టార్చి ఉపయోగము. పెట్టుబడి గలవారు కరెంటుతో పనిచేయు ప్లాస్మా కోత యంత్రమును కూడ ఆలోచింపవచ్చును. అది స్టెయిన్‌లెస్ స్టీలును, అల్యూమినియమును సైతము కోయును. కాని దానికి గాలి కంప్రెసరు, నిలుకడగల కరెంటు కావలెను.

మూడు విధముల ఇంధనములు

మొదటిది కార్బైడు డబ్బా. కాల్షియము కార్బైడుపై నీరు పడినచో ఎసిటిలీను వాయువు పుట్టును. ఒక కిలో కార్బైడునుండి సుమారు 300 లీటర్ల వాయువు వచ్చును. పాత పీపాతో చేయించిన డబ్బాలో కార్బైడు వేసి, నీరు పోసి, ఆ వాయువును గొట్టము ద్వారా టార్చికి తెచ్చుకొను పద్ధతి చిన్న షెడ్లలో చిరకాలముగా నున్నది. ఇది చౌక. కాని ఇందు ప్రమాదము మిక్కుటము. డబ్బాలోనికి గాలి చేరినను, టార్చినుండి మంట వెనుకకు మరలినను డబ్బా పగిలిపోవును. ఎసిటిలీను గాలిలో నూటికి రెండున్నర పాళ్ళు మొదలుకొని ఎనుబది పాళ్ళవరకు ఏ పాలులో కలిసినను అంటుకొను స్వభావము గలది. మామిడికాయలను మగ్గబెట్టుట నిషేధింపబడినది ఈ కార్బైడుతోడనే గనుక మన ప్రాంతపు రైతులకు దీని పేరు క్రొత్త కాదు. మూత సరిగా లేని డబ్బాలోని కార్బైడు గాలిలోని తేమకే వాయువును విడుచును. అది అంటుకొన్నచో నీరు పోయరాదు. నీరు పోసిన కొలది మంట పెరుగును. పొడి యిసుకయే దానికి మందు. ఇట్టి డబ్బా ఇంటి షెడ్డులో నుండదగదు.

రెండవది సిలిండరు ఎసిటిలీను. ఎసిటిలీనును ఒంటిగా నొక్కిపెట్టినచో తనంత తానే ప్రేలును. అందుచేత సిలిండరు నిండ సన్నని రంధ్రములు గల పదార్థమును కూర్చి, అందు ఎసిటోను అను ద్రవమును పోసి, ఆ ద్రవములో ఎసిటిలీనును కరగించి పంపుదురు. మన దేశమున ఈ సిలిండరు మెరూను రంగులో నుండును. దీనిని ఎల్లప్పుడు నిలువుగా నుంచవలెను. పరుండబెట్టి వాడినచో వాయువుతోబాటు ఎసిటోను బయటికి వచ్చును. టార్చికి పంపు పీడనము చదరపు సెంటిమీటరునకు ఒక కిలో మించరాదు. దీని దారిలో శుద్ధమైన రాగి గొట్టమును తగిలింపరాదు. రాగితో ఎసిటిలీను కలిసి, తట్టినంత మాత్రమున ప్రేలు పదార్థమగును.

దీని గుణము దొడ్డదే. ఆక్సిజనుతో దీని మంట సుమారు 3,100 డిగ్రీల వేడి నిచ్చును. మంట మొనలోనే వేడి కేంద్రీకరించియుండును గనుక ఇనుము త్వరగా ఎఱ్ఱబడును. దీనితో గ్యాసు వెల్డింగు కూడ చేయవచ్చును.

మూడవది ఎల్.పి.జి. మన వంట గ్యాసు ఇదే. ఇందు ప్రొపేను, బ్యుటేను అను వాయువులు కలిసియుండును. ఆక్సిజనుతో దీని మంట సుమారు 2,800 డిగ్రీలు. వేడి మొనలోకంటె వెలుపలి మంటలో ఎక్కువగా పరచుకొనును. అందుచేత కోత మొదలిడుటకు ఎసిటిలీను కంటె కొంచెము ఎక్కువసేపు కాల్చవలెను. ఒకసారి కోత సాగిన పిమ్మట రెంటికిని భేదము తక్కువ. ఏలయన అప్పుడు కోయునది ఆక్సిజనే. కర్రు సాగదీయుటకు, పట్టీ వంచుటకు వెడల్పుగా కాల్చవలసిన పనికి ఈ మంట మిక్కిలి తగినది. అయితే ఉక్కును గ్యాసు వెల్డింగు చేయుటకు ఇది పనికిరాదు. నేడు పల్లె షెడ్లలో వెల్డింగు పని కరెంటు యంత్రముతో జరుగుచున్నది గనుక ఈ కొరత సామాన్యముగా బాధింపదు.

ఖర్చు లెక్క

ఎల్.పి.జి. చౌకయని విని వెంటనే మురిసిపోరాదు. ఒక పాలు ఎసిటిలీను మండుటకు టార్చినుండి ఒక పాలు కంటె కొంచెము ఎక్కువ ఆక్సిజను చాలును. ఒక పాలు ప్రొపేనునకు నాలుగు పాళ్ళు కావలెను. ఒక పాలు ప్రొపేనులో వేడి ఎక్కువ గనుక ఖర్చు నాలుగింతలు కాదు. అయినను కాల్చుటకు పోవు ఆక్సిజను తప్పక పెరుగును. ఇంధనములో మిగిలిన డబ్బులో కొంత ఆక్సిజను సిలిండరు మార్చుటకు పోవునన్నమాట. కావున యజమాని ఇంధనము ధర నొక్కదానినే చూడక, నెలకు ఎన్ని ఆక్సిజను సిలిండర్లు, ఎన్ని ఇంధనపు సిలిండర్లు, వానిని పట్టణమునుండి తెచ్చు బండి కూలి ఎంత, సిలిండరు అద్దె ఎంత అని మొత్తము వ్రాసికొని పోల్చవలెను.

వారమునకు ఒకటి రెండు మారులు మాత్రమే మందపు ఇనుము కోయువానికి ఎసిటిలీను వేగము వలన కలుగు లాభము స్వల్పము. రోజంతయు వెల్డింగు, కోత రెండును గ్యాసుతోనే చేయు పెద్ద కర్మాగారమునకు లెక్క వేరు. ఇంటి ప్రక్క చిన్న షెడ్డునకు, కరెంటు వెల్డింగు యంత్రముతోబాటు ఆక్సిజను, వాణిజ్యపు ఎల్.పి.జి. సిలిండరు గల టార్చి సామాన్యముగా తగినదని చెప్పవచ్చును. కాని ఈ మాట దానికి తగిన సామాను, తగిన స్థలము ఉన్నప్పుడే చెల్లును.

ఇచట ఒక హెచ్చరిక. 14.2 కిలోల ఎఱ్ఱ సిలిండరు వంటయింటికి ఇచ్చినది. దానిని షెడ్డు పనికి వాడుట చట్టవిరుద్ధము. షెడ్డుకు 19 కిలోల వాణిజ్యపు సిలిండరు తీసికొనవలెను. వంటపొయ్యికి వాడు రెగ్యులేటరు అత్యల్ప పీడనమునకు చేయబడినది. అది టార్చికి చాలదు. దానిని విప్పి, చెక్కి సరిచేయుట కంటె అవివేకము లేదు. ఈ పనికే చేసిన రెగ్యులేటరును కొనవలెను.

టార్చి, నాజిలు, గొట్టములు

ఇంధనము మారినప్పుడు నాజిలు కూడ మారవలెను. ఎసిటిలీను నాజిలు ఒకే ముక్కగా, మొన చదునుగా నుండును. ఎల్.పి.జి. నాజిలు రెండు ముక్కలుగా నుండి, లోపలి ముక్క కొంచెము లోనికి నుండును. ఎసిటిలీను నాజిలుతో ఎల్.పి.జి.ని మండించినచో మంట మొనను విడిచి లేచిపోవును, ఆరిపోవును. రెండవ దానితో ఎసిటిలీనును మండించినచో మంట లోనికి మరలు ప్రమాదము కలదు. టార్చి కొనునప్పుడు అది ఏ వాయువునకు చేయబడినదో అడిగి తెలిసికొని, దుకాణదారునుండి రసీదుపై వ్రాయించుకొనుట మేలు.

నాజిలు రంధ్రము ఇనుము మందమును బట్టి యుండవలెను. నాజిళ్ళపై 1/32, 3/64, 1/16 అని అంగుళపు భిన్నములు చెక్కియుండును. సన్నని పలకకు పెద్ద రంధ్రము వాడినచో ఆక్సిజను వృథా, కోత మోటు. తయారుచేసినవా రిచ్చిన పట్టికను షెడ్డు గోడపై అతికించి దాని ప్రకారము నడచుకొనవలెను. రంధ్రమును మేకుతో పొడిచి శుభ్రము చేయరాదు. అందులకు ప్రత్యేకమైన సూదులు దొరకును.

ఆక్సిజను గొట్టము నీలము, ఇంధనపు గొట్టము ఎఱుపు. ఇంధనపు బిగింపు మరలు ఎడమవైపునకు, ఆక్సిజను మరలు కుడివైపునకు తిరుగును. ఒకటి మరియొకదానికి పొరపాటున తగుల కుండుటకే ఈ ఏర్పాటు. ఎడమ మరల నట్టుకు మూలలపై గాటు చెక్కియుండును. ఎసిటిలీనుకు చేసిన రబ్బరును ఎల్.పి.జి. కాలక్రమమున చెరచును. కావున ఎల్.పి.జి.కి తగినదని గుర్తుగల గొట్టమునే వాడవలెను. తెగిన గొట్టమును తీగతో కట్టి వాడుట దీపము ముందు గడ్డి పరచుట వంటిది.

మంట వెనుకకు మరలి సిలిండరు చేరకుండ ఆపు చిన్న పరికరమును ఫ్లాష్‌బ్యాక్ అరెస్టరు అందురు. ఆక్సిజను దారిలో ఒకటి, ఇంధనపు దారిలో ఒకటి తప్పక యుండవలెను. చౌకకు దీనిని వదలివేయువారు పెక్కురు. టార్చి కొనుటకు డబ్బున్నది, దీనికి లేదనువాడు పనికి సిద్ధము కాలేదని తెలియవలెను.

ఆక్సిజను కవాటమునకు నూనె, గ్రీసు తగులరాదు. అధిక పీడనముగల ఆక్సిజనులో నూనె తనంత తానే అంటుకొనును. ట్రాక్టరు పని చేసిన చేతితోనే సిలిండరు తాకు అలవాటు మన షెడ్లలో సామాన్యము. చేతులు కడిగికొనియే తాకవలెను. చెమట పట్టినదని ఆక్సిజనును బట్టలపై విసరుకొనుట ప్రాణాంతకము. ఆక్సిజను నిండిన బట్టకు ఒక్క రవ్వ చాలును.

షెడ్డు స్థలము

ఎల్.పి.జి. గాలికంటె బరువైనది. కారినచో పైకి పోక నేలబారున ప్రాకి, పల్లమున, మురుగు కాలువలో, చేదబావిలో నిలుచును. కొంత దూరమున వెలిగించిన బీడీతో నైనను అంటుకొనును. ఎసిటిలీను గాలికంటె కొంచెము తేలిక. అది కప్పు క్రింద చేరును. కావున ఎల్.పి.జి. వాడు షెడ్డునకు నేలమట్టమున గాలి పోవు దారులుండవలెను. పై కిటికీ ఒక్కటి చాలదు. బావి ప్రక్కన, తెరచిన కాలువ ప్రక్కన సిలిండరు నిలుపరాదు. కారుచున్నదను అనుమానము కలిగినచో అగ్గిపుల్ల గీసి చూడక, సబ్బునీటి బుడగలతో చూడవలెను.

కోత రవ్వలు పది మీటర్ల కావలకు సైతము ఎగిరిపడును. ఆ మేరలో గడ్డివాము, పత్తి, గోనెసంచులు, డీజిలు డబ్బాలు ఉండరాదు. యాసంగి వరికోతల పిమ్మట ఎండిన గడ్డి ఊరినిండ నుండు కాలమున ఈ జాగ్రత్త మరింత అవసరము. ఆక్సిజను, ఇంధనపు సిలిండర్లను నిలువ యుంచునప్పుడు ఆరు మీటర్ల ఎడముగా, లేదా నడుమ నిప్పంటని గోడతో ఉంచవలెను. నిండువైనను, ఖాళీవైనను గొలుసుతో కట్టియుంచవలెను. నిదురించు గదికి, వంటయింటికి, బడికి ఆనుకొని ఇట్టి షెడ్డు పనికిరాదు.

ఖాళీ పీపా

అన్నిటికంటె ముఖ్యమైనది చివర చెప్పుచున్నాము. ఒక రైతు డీజిలు పీపాను తెచ్చి, “ఇది ఎప్పుడో ఖాళీ అయినది, పశువుల నీటితొట్టికి సగము కోసి ఇమ్ము” అని అడిగెననుకొందము. షెడ్డు యజమాని పరిచయస్థుడు. కాదనలేడు. పని పది నిమిషములది. కాని ఖాళీ పీపా నిజముగా ఖాళీ కాదు. అడుగున అంటియున్న చెమ్మ వేడికి ఆవిరియై, లోని గాలితో కలిసి, టార్చి తగిలినంతనే ప్రేలును. మూత పీపా ముందు వంగి కూర్చున్నవాని ముఖమున తగులును. నిండు పీపా కంటె ఖాళీ పీపాయే ఇందులో ఎక్కువ ప్రమాదకరము. పురుగుమందు పీపాలయందు ప్రేలుడుకు తోడు విషపు పొగ. వానితో చేసిన తొట్టిలో పశువులకు నీరు పెట్టుటయు తగదు.

పీపాను నీళ్ళతో ఒకసారి కడిగినంతమాత్రమున దోషము పోదు. అందుచేత ఇంధనపు పీపాలను, పురుగుమందు పీపాలను టార్చితో గాని, వెల్డింగుతో గాని, కోత చక్రముతో గాని ముట్టుకొనబోమని షెడ్డు ముందు పలక వ్రాయించుట ఉత్తమము. ఈ నియమమును పంచాయతియే పెట్టినచో యజమానికి కాదనుట సులభమగును. నీటితొట్టి కావలసిన రైతుకు సిమెంటు తొట్టి కలదు.

పంచాయతి చేయవలసినది

ప్రమాదకర వృత్తులకు అనుమతి నిచ్చునప్పుడు షరతులు విధించుట గ్రామ పంచాయతి బాధ్యత. అనుమతి కోరి వచ్చినవానిని అనుమానించుట మన ఉద్దేశము కారాదు. పరదేశమున కష్టపడి నేర్చిన విద్యను గ్రామమునకు తెచ్చినవాడతడు. అతనిని నిలుపుటకే ఈ షరతులు. ఊరి అంచున, గాలి తగులు స్థలము చూపి, వీలైనచో రోడ్డు, నీటి కుళాయి సౌకర్యము కల్పించిన పంచాయతి అతనికి సహాయము చేసినదగును. షెడ్డు వద్ద ఇసుక బక్కెట్లు, నీరు, అగ్నిమాపక సిలిండరు ఉన్నవో లేవో అప్పుడప్పుడు చూచిరావలెను. అగ్ని ప్రమాదమునకు 101, గ్యాసు కారుటకు 1906 అను ఫోను అంకెలు పంచాయతి కార్యాలయపు గోడపై కూడ నుండవలెను.

సారాంశము: కోయునది ఆక్సిజను గనుక అత్యధిక వేడి గల ఇంధనమునకై వెదుక నక్కరలేదు. చట్టబద్ధముగా దొరకునది, ఇంటివారికిని ఇరుగుపొరుగునకును హాని లేకుండ నిలువచేయదగినది, చేయుపనికి సరిపోవునది ఏదో అదియే తగిన ఇంధనము.

చర్చకు ప్రశ్నలు

1. మన గ్రామమున గ్యాసు కోత జరుగు షెడ్లు ఎన్ని? వానిలో కార్బైడు డబ్బా ఎక్కడైన కలదా?

2. వంట సిలిండరును పనికి వాడుచున్నారా? వాణిజ్యపు సిలిండరు తెచ్చుకొనుటకు వారికి గల ఇబ్బంది ఏమి? అందు పంచాయతి చేయగల సహాయమేమి?

3. ప్రతి టార్చికి రెండు దారులలోను ఫ్లాష్‌బ్యాక్ అరెస్టరు కలదా?

4. షెడ్డునకు పది మీటర్లలోపల గడ్డివాము, బావి, తెరచిన కాలువ, బడి ఏవైన కలవా?

5. ఖాళీ పీపాలను గూర్చి గ్రామసభలో ఎన్నడైన చెప్పితిమా? లేనిచో రాబోవు సభలో ఎవరు చెప్పవలెను?